పీఠభూమి ఎక్కిన పెట్టుబడి: మదనపల్లె, పుంగనూరు, కుప్పం

చిత్తూరు నుంచి బెంగళూరు వెళ్లే రోడ్డు బంగారుపాళెం దాటాక మొగిలి కనుమ ఎక్కుతుంది. కనుమ కింద నేల సముద్రమట్టానికి సుమారు 300 మీటర్ల ఎత్తున ఉంటే, పైన ఉన్న పలమనేరు అంతకు రెట్టింపు ఎత్తున ఉంటుంది. తిరుపతి నుంచి మదనపల్లె వెళ్లేవారికి ఇదే మార్పు భాకరాపేట కనుమ దగ్గర ఎదురవుతుంది. ఈ కనుమలకు ఆవల ఉన్న నేలను పాత చిత్తూరు జిల్లా వాళ్లు పడమటి మండలాలు అంటారు. మదనపల్లె, పుంగనూరు, పలమనేరు, కుప్పం ఇందులోని ఊళ్లు. భౌగోళికంగా ఇది మైసూరు పీఠభూమికి తూర్పు అంచు. ఆ అంచున మదనపల్లెకు దగ్గరలో, సుమారు 1,265 మీటర్ల ఎత్తున ఉన్న కొండే హార్స్లీ హిల్స్.

ఎత్తు ఇచ్చిన చల్లదనం ఈ సీమకు ఉంది గానీ, నీటి విషయంలో దీని అదృష్టం తక్కువ. బాహుదా, పాపాఘ్ని, కౌండిన్య, పాలారు ఇక్కడి నదులు. వీటిలో ఏ ఒక్కటీ ఏడాది పొడవునా పారదు. పాలారు కర్ణాటకలో పుట్టి, కుప్పం సీమను తాకి, తమిళనాడుకు పోతుంది. ఏటా పడే వాన 700 మిల్లీమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. నైరుతి రుతుపవనాలు పడమటి కనుమల దగ్గరే చాలావరకు ఖాళీ అయి వస్తే, ఈశాన్య రుతుపవనాలు తీరంలో కురిసి మిగిలింది తెస్తాయి. పూర్వులు ఈ కొరతకు చెరువులతో జవాబు చెప్పారు. ఊరికో చెరువు, పెద్ద ఊరికి రెండు మూడు. 1980ల తరువాత వ్యవసాయం చెరువును వదిలి బోరుబావిని పట్టుకుంది. రాగి, వేరుశనగ పండిన ఎర్రనేలల్లో మల్బరీ, టమోటా వచ్చాయి. ఏడాది ఏడాదికీ బోర్ల లోతు పెరిగింది. ఈ నేల మీద పెట్టుబడి పెట్టడానికి ఎవరు వచ్చినా, ఎందుకు వచ్చినా, ఎత్తు పిలిచింది, నీరు ఆపింది.

పరిపాలనలో ఈ సీమ ఎప్పుడూ ఏదో ఒక జిల్లాకు చివరే. 1800లో నిజాం ఈస్టిండియా కంపెనీకి అప్పగించిన దత్త మండలాల్లో మదనపల్లె ప్రాంతం చేరి, తరువాత కడప జిల్లాకు పడమటి కొసగా మిగిలింది. పుంగనూరు, కంగుంది జమీందారీలు ఉత్తర ఆర్కాటు జిల్లా కింద ఉండేవి. కుప్పం కంగుంది జమీందారీలోని ఊరు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు ఈ ముక్కలన్నీ ఒకచోట చేరాయి. 2022లో జిల్లాలను మళ్లీ విడదీసినప్పుడు మదనపల్లె అన్నమయ్య జిల్లాలోకి వెళ్లింది, పుంగనూరు, కుప్పం చిత్తూరులోనే ఉండిపోయాయి. ఎన్ని గీతలు మారినా సంతకు, ఆసుపత్రికి, ఉద్యోగానికి ఇక్కడి జనం చూసే దిక్కు బెంగళూరే. కుప్పంలో దుకాణదారు ఒకే పూట తెలుగు, తమిళం, కన్నడం మూడూ మాట్లాడతాడు. 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయాన్ని అక్కడ పెట్టడానికి ఆ మూడు రాష్ట్రాల సరిహద్దే ప్రధాన కారణం.

ఈ సీమకు వచ్చిన తొలి పెద్ద విదేశీ పెట్టుబడి ఇక్కడ ఆగడానికి రాలేదు, దాటిపోవడానికి వచ్చింది. లండన్‌లో వాటాలు అమ్మి డబ్బు పోగుచేసిన మద్రాసు రైల్వే కంపెనీ జోలార్‌పేట నుంచి బెంగళూరు దాకా వేసిన రైలుమార్గం 1864లో తెరుచుకుంది. కుప్పం ఆ దారిలో ఉంది. ఆనాటి రైల్వే కంపెనీలకు ప్రభుత్వం ఏటా 5 శాతం దాకా రాబడికి హామీ ఇచ్చేది. రైలు లాభం తెస్తే వాటాదారులు పంచుకుంటారు, తేకపోతే లోటును భారతదేశపు పన్ను సొమ్ముతో పూడుస్తారు. నష్టభయం లేని పెట్టుబడి అన్నమాట. ఇప్పటి రాయితీల ఒప్పందాలు చూసి ఆశ్చర్యపోయేవారు ఈ పాత ఒప్పందాన్ని ఒకసారి గుర్తు చేసుకోవచ్చు. ఏమైనా ఆ దారి వల్ల కుప్పానికి అటు మద్రాసు, ఇటు బెంగళూరు రెండూ ఒక పూట ప్రయాణమయ్యాయి. పాకాల, ధర్మవరం మధ్య మీటరుగేజి దారి 1890ల తొలినాళ్లలో వచ్చింది. అది మదనపల్లె ఊరిని తాకకుండా సీటీఎం అనే ఊరి మీదుగా పోయింది. అందుకే అక్కడి స్టేషను పేరు నేటికీ మదనపల్లె రోడ్డు. పుంగనూరుకు ఇప్పటికీ రైలు లేదు. మూడు ఊళ్ల ఆర్థిక చరిత్రలో ఉన్న తేడాల్లో సగం ఈ రైలు పటం చూస్తేనే అర్థమవుతాయి.

బెంగళూరు రైలుమార్గం వచ్చిన కాలంలోనే కడప కలెక్టరుగా పనిచేసిన డబ్ల్యు. డి. హార్స్లీ వేసవి తాపం తప్పించుకోవడానికి మదనపల్లె దగ్గరి కొండ మీద ఇల్లు కట్టుకున్నాడు. అంతకుముందు దాని పేరు ఏనుగు మల్లమ్మ కొండ. కొండమీద ఏనుగులు సాకిన మల్లమ్మ అనే పిల్ల ఉండేదని, చుట్టుపక్కల చెంచులకు వైద్యం చేసేదని స్థానిక కథ. కలెక్టరు తరువాత అటవీ శాఖ వచ్చింది. యూకలిప్టస్, చందనం వంటి చెట్లు పెంచింది. అయితే హార్స్లీ హిల్స్ ఊటీ కాలేకపోయింది. ఊటీకి మద్రాసు ప్రభుత్వం వేసవిలో దఫ్తరాలతో సహా తరలివెళ్లేది. దాని చుట్టూ తేయాకు, కాఫీ, సింకోనా తోటల పెట్టుబడి పెరిగింది. ఈ కొండ మీద అంత చదునైన నేల లేదు, అన్ని నీళ్లూ లేవు. ఒక జిల్లా అధికారి విడిదిగా మొదలై, గవర్నరు బంగళా, అటవీ అతిథి గృహం, పర్యాటక శాఖ కాటేజీల దగ్గరే ఆగింది. దాని అందం చెక్కుచెదరకుండా మిగిలిందంటే అదీ ఈ వైఫల్యం చలవే.

లాభం కోసం వచ్చిన విదేశీ పెట్టుబడి అసలు రుచి చూసింది సరిహద్దుకు అవతల, కోలారు గనుల్లో. 1880లో లండన్‌కు చెందిన జాన్ టేలర్ అండ్ సన్స్ అక్కడ పని చేపట్టింది. 1902లో శివనసముద్రం జలవిద్యుత్తు గనులకు చేరింది. భూగర్భంలో పనికి చిత్తూరు, ఉత్తర ఆర్కాటు పల్లెల నుంచి తెలుగు, తమిళ కూలీలు వెళ్లారు. బంగారం ఉన్న శిలల పట్టీ రాష్ట్రాల గీతను గౌరవించదు. అది దక్షిణంగా సాగి కుప్పం దగ్గరి గుడుపల్లె మండలంలో చిగరుగుంట, బిసానత్తం దాకా వచ్చింది. కోలారు గనులు 1956లో మైసూరు ప్రభుత్వం చేతికి, తరువాత కేంద్రం చేతికి వచ్చాయి. ప్రభుత్వ సంస్థ భారత్ గోల్డ్ మైన్స్ చిగరుగుంటలోనూ తవ్వింది. 2001 ఫిబ్రవరి 28న ఆ సంస్థ మూతపడడంతో కోలారుతో పాటు ఈ గనీ ఆగింది. గనుల వేలం పద్ధతి వచ్చాక ఈ క్షేత్రాన్ని కేంద్ర ప్రభుత్వ గనుల సంస్థ ఎన్‌ఎండీసీ దక్కించుకుంది. కుప్పం సీమ రాయిలో విదేశాలకు క్రమంగా వెళ్లింది బంగారం కాదు, గ్రానైటు. ‘కుప్పం గ్రీన్’ అనే పచ్చరాయికి ఎగుమతి బజారులో ప్రత్యేకమైన పేరుంది.

మదనపల్లెకు వచ్చిన విదేశీ సొమ్ము వేరే రకం. దానికి వడ్డీ అక్కర్లేదు. అమెరికా సంస్కరణ చర్చికి చెందిన ఆర్కాటు మిషన్ తరఫున జేకబ్ చాంబర్లిన్ 1863లో ఇక్కడికి వచ్చాడు. మతప్రచారంతో పాటు వైద్యం చేశాడు, తెలుగు నేర్చి తెలుగులో రాశాడు. ఆ మిషనే 1911లో మదనపల్లెలో మేరీ లాట్ లైల్స్ ఆసుపత్రిని నెలకొల్పింది. దానికి నాలుగేళ్ల తరువాత ఊరి వెలుపల అంతకన్నా పెద్ద ప్రయత్నం మొదలైంది. దక్షిణ భారతదేశంలో పనిచేస్తున్న వివిధ దేశాల మిషన్లు కలిసి క్షయరోగులకు ఒక శానిటోరియం కట్టాలని 1912లో తలపెట్టి, 1915లో తెరిచాయి. ఒక్కో మిషను ఒంటరిగా చేయలేని పనిని చందాలు కలిపి చేశాయి కాబట్టి దానికి యూనియన్ మిషన్ శానిటోరియం అని పేరు. డెన్మార్కు వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ దాని తొలి అధిపతి. ఆ చోటికి ఆరోగ్యవరం అని పేరు స్థిరపడింది.

చోటు ఎంపికలో భూగోళమే నిర్ణయించింది. అప్పటికి క్షయకు మందు లేదు. పొడిగాలి, ఎండ, విశ్రాంతి, బలమైన తిండి, ఇవే చికిత్స. రోగిని నెలల తరబడి వరండాలో మంచం మీద ఉంచేవారు. తీరంలో ఉక్క, మైదానంలో వడగాలి. పీఠభూమి మీద ఆ రెండూ తక్కువ. అటు మద్రాసుకూ ఇటు మైసూరుకూ అందుబాటులో ఉన్న చోటు. ఆ విధంగా మదనపల్లె గాలి తొలిసారిగా దూరప్రాంతాల నుంచి మనుషుల్నీ సొమ్మునీ రప్పించిన సరుకు అయింది. ఛాతీ శస్త్రచికిత్సలు, వైద్యులకు శిక్షణ, పరిశోధన ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. 1948లో భారతదేశంలో బీసీజీ టీకాను తొలిగా ప్రయోగాత్మకంగా వేసిన చోటు మదనపల్లె. తరువాత ఐక్యరాజ్యసమితి బాలల నిధి, ప్రపంచ ఆరోగ్య సంస్థల తోడ్పాటుతో అది దేశవ్యాప్త కార్యక్రమమైంది.

ఆ సరుకు విలువను పోగొట్టింది కూడా వైద్యశాస్త్రమే. స్ట్రెప్టోమైసిన్, ఐసోనియాజిడ్ వచ్చాక గాలి మార్పు అవసరమా అన్న ప్రశ్న లేచింది. మద్రాసులో జరిగిన ఒక అధ్యయనం ఫలితాలు 1959లో వెలువడ్డాయి. పేద రోగులు ఇంట్లో ఉండి మందు వాడినా, శానిటోరియంలో ఉండి వాడినా ఫలితం దాదాపు ఒకటేనని అది తేల్చింది. ప్రపంచమంతటా శానిటోరియంలు ఒక్కొక్కటీ మూతపడ్డాయి. ఆరోగ్యవరం మూతపడకుండా సాధారణ వైద్యశాలగా, నర్సింగు శిక్షణ సంస్థగా రూపు మార్చుకుని నిలిచింది. వాతావరణమే ఆకర్షణగా బతికే చోట్లకు ఇది గమనించదగ్గ ఉదాహరణ. గాలి మారకపోయినా గాలికి ఉన్న గిరాకీ మారవచ్చు.

ఆరోగ్యవరం తెరిచిన 1915లోనే అనీ బిసెంట్ మదనపల్లెలో దివ్యజ్ఞాన కళాశాలను నెలకొల్పింది. ఐర్లండు కవి జేమ్స్ కజిన్స్ అందులో పనిచేశాడు. 1919 ఫిబ్రవరిలో అతిథిగా వచ్చిన రవీంద్రనాథ్ ఠాగూరు అక్కడే ‘జనగణమన’ను ఆంగ్లంలోకి అనువదించాడు. దాని బాణీకి స్వరలిపి రాయడంలో మార్గరెట్ కజిన్స్ తోడ్పడింది. 1895లో మదనపల్లెలోనే పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి 1920ల మధ్యలో తన ఊరికి దగ్గరి తెట్టు లోయను విద్యాలయానికి ఎంచుకున్నాడు. పక్కనున్న ఋషికొండ పేరు మీద అది రిషీవ్యాలీ అయింది. కొన్నప్పుడు అదంతా బీడు, కరువు నేల. చెట్లు నాటి, చెక్‌డ్యాములు కట్టి, మేతకు పశువులు రాకుండా చూసి దాన్ని దశాబ్దాల పాటు అడవిగా పెంచారు. దేశం నలుమూలల నుంచి, విదేశాల నుంచి పిల్లలు, ఉపాధ్యాయులు వచ్చే బడి అది. చుట్టుపక్కల పల్లెల ఏకోపాధ్యాయ పాఠశాలల కోసం అక్కడ తయారైన బోధన పరికరాలు, కార్డుల పద్ధతి తరువాత తమిళనాడు ప్రభుత్వ బడులకూ ఆధారమయ్యాయి. విదేశీ సంబంధం ఉన్న సంస్థల్లో ఈ సీమకు ఎక్కువకాలం పనికొచ్చినవి ఏవని అడిగితే ఆరోగ్యవరం, రిషీవ్యాలీ అనే చెప్పాలి. రెండూ లాభం లెక్కలు చూడనివి కావడం యాదృచ్ఛికం కాదు. ఇక్కడి నేల తొందరపడేవారికి ఫలితం ఇవ్వదు.

రైతు వైపు నుంచి చూస్తే కథ ఇంకోలా ఉంటుంది. పుంగనూరు పేరు దూరదేశాలకు తెలిసింది పొట్టి ఆవు వల్ల. మూడడుగులకు అటూ ఇటూ ఎత్తు, తక్కువ మేత, వెన్న ఎక్కువున్న పాలు. కరువు సీమకు సరిగ్గా సరిపోయిన పశువు. పాల సేకరణ పెరిగాక లీటర్ల లెక్క ముఖ్యమై, జెర్సీ, హోల్‌స్టీన్ సంకర ఆవులు కొట్టాలు నింపాయి. విదేశీ జాతి వచ్చాక పుంగనూరు జాతి అంతరించే అంచుకు చేరింది. పలమనేరులోని పశు పరిశోధన కేంద్రం దాన్ని కాపాడింది. ఇప్పుడు ఆ ఆవును నగరాల్లో శ్రీమంతులు ముచ్చటకు లక్షలు పెట్టి కొంటున్నారు. దాన్ని శతాబ్దాల పాటు పెంచిన ఊళ్లలో మాత్రం సంకర ఆవు పాల బిల్లుతోనే ఇల్లు గడుస్తోంది. పాలలోకి విదేశీ పెట్టుబడి వేరే దారిన వచ్చింది. తెలుగునాట పెరిగిన తిరుమల పాల సంస్థను 2014లో ఫ్రాన్సుకు చెందిన లాక్టాలిస్ కొనేసింది.

టమోటాది అసలు మదనపల్లె కథ. ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా మైదానాల్లో ఎండకు, వానకు టమోటా పూత నిలవదు. పీఠభూమి చల్లదనంలో నిలుస్తుంది. ఆ నాలుగైదు నెలలు దేశంలోని దూరపు నగరాలకు ఇక్కడి మండీల నుంచే లారీలు వెళ్తాయి. 2023 జూలై చివర మొదటి రకం కిలో దాదాపు 200 రూపాయలకు వేలం పలికింది. మరో ఏడాది అదే మండీ బయట, కోత కూలి కూడా రాదని, క్రేట్లకు క్రేట్లు రోడ్డు మీద పారబోస్తారు. గుజ్జు ఫ్యాక్టరీలు పెడితే సరిపోతుందన్న మాట ప్రతి ఎన్నికలోనూ వినిపిస్తుంది. ఇక్కడ పండేది కూరకు వాడే, రసం ఎక్కువున్న రకం. గుజ్జుకు కావలసింది కండ ఎక్కువున్న రకం. పైగా ఫ్యాక్టరీకి ఏడాదంతా ఒకే ధరకు కాయ కావాలి, రైతుకు ధర పెరిగిన రోజు మండీ కావాలి. 2018లో కేంద్రం ప్రకటించిన ఆపరేషన్ గ్రీన్స్‌లో చిత్తూరు జిల్లా చేరినా ఈ చిక్కు తీరలేదు. టమోటాలో బహుళజాతి సంస్థలు లాభం చూసింది కాయలో కాదు, విత్తనంలో. మదనపల్లె, కోలారు పొలాల్లో పేరున్న ‘సాహో’ సింజెంటా రకం. స్విట్జర్లాండుకు చెందిన ఆ సంస్థ 2017లో చైనా ప్రభుత్వ సంస్థ కెమ్‌చైనా చేతికి వెళ్లింది. మండీ ఎలా ఉన్నా విత్తనం పొట్లం ధర ముందే కట్టాలి.

కుప్పానికి విదేశీ పేర్లు రావడానికి కారణం వేరు. 1989 నుంచి ఈ నియోజకవర్గానికి చంద్రబాబు నాయుడు శాసనసభ్యుడు. ముఖ్యమంత్రి సొంత నియోజకవర్గం ప్రయోగశాల కావడం సహజం. 1990ల చివర ఇజ్రాయెల్ సాంకేతికతతో ఒక ప్రదర్శన వ్యవసాయ క్షేత్రం పెట్టారు. చిన్న కమతాల గట్లు తీసేసి ఒకటిగా కలిపి, బిందు సేద్యంతో, లెక్క ప్రకారం ఎరువుతో పంటలు పండించారు. దిగుబడి బాగానే వచ్చింది. ఎకరాకు అయిన ఖర్చు, తోడిన నీరు, వాడిన రసాయనాలు చూసి విమర్శకులు ఇది చిన్న రైతు పద్ధతి కాదన్నారు. గట్టు పోయాక తన చెక్క ఏదో గుర్తుపట్టలేనన్న రైతు భయం అర్థం లేనిది కాదు. ఆ క్షేత్రం నమూనాగా విస్తరించలేదు. పైపుల పరిజ్ఞానం మాత్రం నిలిచింది. 2003లో రాష్ట్ర సూక్ష్మసేద్య పథకం మొదలయ్యాక రాయితీపై అందిన డ్రిప్పు సన్నకారు రైతు మల్బరీ, టమోటా తోటలకూ వచ్చింది.

2002 ఫిబ్రవరిలో అమెరికా సంస్థ హ్యూలెట్ ప్యాకర్డ్ రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి కుప్పంలో ‘ఐ కమ్యూనిటీ’ ప్రారంభించింది. ఐదు మండలాలు, మూడు లక్షలకు పైగా జనం, మూడేళ్ల గడువు. సమాచార కేంద్రాలు తెరిచారు, కంప్యూటర్లున్న వ్యాను ఊళ్లు తిరిగింది. వాటిలో గుర్తుంచుకోదగ్గది గ్రామ ఫోటోగ్రాఫరు పథకం. డిజిటల్ కెమెరా, చిన్న ప్రింటరు, కరెంటు లేని చోట సౌరఫలకం ఇచ్చి పొదుపు సంఘాల మహిళలకు నేర్పారు. వాళ్లు పెళ్లిళ్లలో, ప్రభుత్వ గుర్తింపు పత్రాలకు ఫోటోలు తీసి సంపాదించారు. గడువు ముగిశాక సంస్థ తప్పుకుంది. కొన్నేళ్లకే సెల్‌ఫోను ఆ అవసరాన్నే తీసేసింది. కుప్పం ఆ సంస్థకు వస్తువులు తయారుచేసే చోటు కాలేదు, పేదల బజారు ఎలా ఉంటుందో తెలుసుకునే చోటు అయింది.

కర్మాగారాలు పెట్టే విదేశీ సంస్థలు కనుమ కిందే ఆగాయి. 2008లో మొదలైన శ్రీసిటీ అప్పటి చిత్తూరు జిల్లాలోనే, తూర్పు కొసన సత్యవేడు దగ్గర ఉంది. చెన్నై, కృష్ణపట్నం రేవులు దగ్గర, జాతీయ రహదారి పక్కన. ఇసుజు వంటి జపాన్ సంస్థలు అక్కడికి వచ్చాయి. చెన్నై, బెంగళూరు పారిశ్రామిక కారిడారుకు జపాన్ సహకార సంస్థ జైకా ప్రణాళిక వేసినప్పుడు ముందుగా ఎంచిన కేంద్రాలు కృష్ణపట్నం, పొన్నేరి, తుమకూరు. రెండు రేవు వైపు, ఒకటి బెంగళూరు అవతల. కారిడారు నడిమధ్యలో ఉన్న పీఠభూమి అంచుకు ఆ జాబితాలో చోటు దక్కలేదు. 2023లో జర్మనీ సంస్థ పెప్పర్ మోషన్ పుంగనూరు దగ్గర 800 ఎకరాల్లో 4,640 కోట్ల రూపాయలతో విద్యుత్ బస్సులు, లారీల కర్మాగారం పెడుతుందని ప్రకటన వెలువడింది. ఆ కర్మాగారం రాలేదు. బంగారుపాళెం, పలమనేరు, వి.కోట మీదుగా పోయే బెంగళూరు, చెన్నై ఎక్స్‌ప్రెస్ వే పూర్తయితే రేవు దూరం తగ్గుతుంది. భూమి చిక్కు ఉండనే ఉంటుంది. ఈ మెట్టలో ప్రభుత్వం పేదలకిచ్చిన డీకేటీ భూములు చాలా ఉన్నాయి. 1977 చట్టం ప్రకారం, 2023లో దాన్ని సవరించే దాకా, వాటిని అమ్మడానికి, కొనడానికి వీలుండేది కాదు. అందువల్ల పెద్ద కమతం కావాలనుకున్న సంస్థ ప్రభుత్వం ద్వారా, దాని పారిశ్రామిక మౌలిక వసతుల సంస్థ ఏపీఐఐసీ ద్వారా రావలసి వచ్చేది. పరిహారం విషయంలో డీకేటీ రైతుకు, పట్టా రైతుకు మధ్య తేడా వస్తే అక్కడే పని ఆగుతుంది.

అన్నిటికన్నా పెద్ద ప్రశ్న నీరు. దానికి జవాబు ఈ సీమలో లేదు, శ్రీశైలం జలాశయంలో ఉంది. హంద్రీ నీవా పథకం కింద మల్యాల దగ్గర ఎత్తిపోసిన కృష్ణా నీరు రాయలసీమ పొడవునా ప్రయాణించి పుంగనూరు బ్రాంచి కాలువకు, అక్కడి నుంచి సుమారు 123 కిలోమీటర్ల కుప్పం బ్రాంచి కాలువకు రావాలి. పథకంలో 2012లో నీటి ఎత్తిపోత మొదలైంది. 2025 ఆగస్టులో నీరు కుప్పం దగ్గరి పరమసముద్రం చెరువుకు చేరింది. మొత్తం దారి 700 కిలోమీటర్లకు పైనే. కుప్పం ఈ కాలువకు చిట్టచివర. పైనున్న చెరువులన్నీ నిండాకే దాని వంతు. అక్కడికి నీరు ఎక్కించడానికయ్యే కరెంటు ఖర్చూ ఎక్కువే. ఈ చివరి కొసకు ఏటా ఎన్ని రోజులు, ఎంత నీరు వస్తుందో లిఖితపూర్వకంగా చెప్పగలిగిన నాడే పడమటి మండలాలు మైదానంతో సమానంగా పెట్టుబడిని అడగగలుగుతాయి. అంతవరకు ఇక్కడ పెట్టుబడి పెట్టే అతిపెద్ద వర్గం, ప్రతి వేసవిలో అప్పుచేసి కొత్త బోరు వేయించే రైతే.